గోడ బయట మొదలయ్యే చదువు

ఇళ్లు గీసేవాళ్లున్నారు, మాస్టర్‌ప్లాన్లు వేసేవాళ్లున్నారు. మనం రోజూ నడిచే, ఆగే, బేరమాడే, బస్సు కోసం నిలబడే చోటును గీసేదెవరు? అర్బన్ డిజైన్‌లో పీజీ చేస్తున్న పిల్లలు నేర్చుకుంటున్నది ఆ పనే. మన ఊళ్లకు వాళ్ల అవసరం ఎంతుందో, వాళ్లకు మన ఊళ్లలో కుర్చీలు ఎంత తక్కువగా ఉన్నాయో చెప్పే కథనం ఇది.

చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా వైపు నడుస్తుంటే పత్తర్‌గట్టి వస్తుంది. రోడ్డుకు రెండు వైపులా ఒకే ఎత్తున రాతి కమానుల వరస, వాటి వెనక దుకాణాలు. ముత్యాలమ్మేది ఒకరు, అత్తరమ్మేది ఒకరు, పెళ్లిబట్టలమ్మేది మరొకరు. యజమానులు వేరు, వ్యాపారాలు వేరు, అయినా వీధి ముఖం ఒక్కటే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసిన తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన వీధి ఇది. ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకోవచ్చని బోర్డు వదిలేయలేదు. దుకాణం లోపల మీ ఇష్టం, కమాను మాత్రం వీధిది అని తేల్చింది. ఇప్పుడు సరుకులూ సైన్‌బోర్డులూ కేబుల్ తీగలూ ఆ కమానులను చాలావరకు కప్పేశాయి. తల ఎత్తి చూస్తే ఆ గీత ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

అదే బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేసిన రాకుమారుడు మొజంజా పేరు మీద 1935లో మొజంజాహీ మార్కెట్ లేచింది. రోడ్లు కలిసే మూలను గడియార స్తంభంగా, ముఖద్వారంగా మలిచారు. లోపల పండ్లకూ పూలకూ ఒక పెద్ద ఆవరణ. నాంపల్లి నుంచి వచ్చినా కోఠీ నుంచి వచ్చినా ఆ స్తంభం కనిపించగానే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఆ మూలకు ఎంత ఎత్తు ఉండాలి, రాయి రంగేమిటి, బండి ఎక్కడ ఆగాలి, మనిషి ఎక్కడి నుంచి లోపలికి వెళ్లాలి అని ఎవరో కూర్చుని ఆలోచించారు. ఒక్క భవనం గురించి మాత్రమే కాదు, దాని ముందున్న ఖాళీ గురించి కూడా ఆలోచించారు.

ఈ ఆలోచనకు అర్బన్ డిజైన్ అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. 1956 ఏప్రిల్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్టు హోసే లూయీ సెర్ట్ ఒక సమావేశం పిలిచారు. యుద్ధానంతర అమెరికాలో ఆర్కిటెక్టులు తమ భవనాలు తాము కట్టుకుంటున్నారు, ప్లానర్లు రంగుల పటాలు వేసుకుంటున్నారు, మధ్యలో నగరం చెదిరిపోతోందన్నది అక్కడ చేరినవాళ్ల బెంగ. లూయిస్ మంఫర్డ్, ఎడ్మండ్ బేకన్ వంటి పెద్దలు వచ్చారు. వాళ్ల మధ్య ఒక ఆర్కిటెక్చర్ పత్రికలో పనిచేస్తున్న జేన్ జేకబ్స్ తన సంపాదకుడికి బదులుగా వచ్చి మాట్లాడారు. ఆమె ఆర్కిటెక్టు కాదు, ప్లానరూ కాదు. న్యూయార్క్ తూర్పు హార్లెంలో పెద్ద పెద్ద గృహసముదాయాలు లేచాక వీధిలోని చిన్న దుకాణాలు పోయాయనీ, దుకాణాలతోపాటు మనుషులు కలుసుకునే చోట్లూ పోయాయనీ చెప్పారు. అయిదేళ్లకు, 1961లో, ఆమె అమెరికా మహానగరాల చావుబతుకుల మీద రాసిన పుస్తకం వచ్చింది. ఇప్పటికీ ఏ దేశంలో అర్బన్ డిజైన్ చదివినా మొదటి సెమిస్టర్‌లో ఆమె పేరు వినపడుతుంది. హార్వర్డ్‌లో ఈ విషయంలో పీజీ కోర్సు 1960లో మొదలైంది. మన దేశంలో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 1960ల చివర్లోనే అందుకుంది.

మన గడ్డకు దగ్గరి పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాద్‌లో పుట్టారు. ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్‌తో కలిసి 1960ల మధ్యలో ఆయన ముందుకు తెచ్చిన ప్రతిపాదన నుంచే నవీ ముంబై పుట్టింది. ముంబైలో అర్బన్ డిజైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను 1984లో స్థాపించిందీ ఆయనే. ఒక్కో భవనంతో పేరు తెచ్చుకోగల మనిషి, భవనాల మధ్య చోటు కోసం జీవితంలో అంత భాగం పెట్టారు.

ఎవరిదీ కాని వంద అడుగులు

మాస్టర్‌ప్లాన్‌లో ఒక రోడ్డుకు వంద అడుగులని రాస్తారు. దానికిరువైపులా వాణిజ్యమనో నివాసమనో రంగు వేస్తారు. అక్కడితో ప్లానర్ పని అయిపోతుంది. ఆర్కిటెక్టు వచ్చి ప్లాటు హద్దుల లోపల గీస్తాడు. సివిల్ ఇంజనీరు తారు పోయిస్తాడు, విద్యుత్ శాఖ ట్రాన్స్‌ఫార్మర్ పెడుతుంది, జలమండలి మ్యాన్‌హోల్ మూత వేస్తుంది, టెలికాం వాళ్లు తవ్వి పోతారు. ఆ వంద అడుగుల్లో మనిషికి ఎన్ని అడుగులు? చెట్టు ఎక్కడ? బస్సు ఆగితే దిగినవాళ్లు కాలు ఎక్కడ పెట్టాలి? మిర్చిబజ్జీల బండికి చోటెక్కడ? ఈ ప్రశ్నలన్నీ ఒకే కాగితం మీద పెట్టి చూసేవాళ్లు చాలా ఊళ్లలో లేరు.

లేకపోతే ఏమవుతుందో లెక్కల్లో ఉంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది పాదచారులు. డ్రైవరు తప్పో, మద్యం తప్పో ఉండవచ్చు. నడిచేవాణ్ని రోడ్డు మధ్యలోకి నెట్టిన కాలిబాట తప్పు కూడా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో కాలిబాటకు అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదనీ స్పష్టంగా ఉంది. మీ వీధిలోని కాలిబాటను ఒకసారి టేపుతో కొలవండి. అసలు కాలిబాట ఉంటే.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇది రవాణా నిర్ణయం, సంక్షేమ నిర్ణయం. దీన్ని నగర రూపకల్పన నిర్ణయంగా కూడా చూడాల్సింది. ఎందుకంటే బస్సు ఉచితమైనా బస్టాపు చీకట్లో ఉంటే, కూర్చోడానికి చోటు లేకుంటే, పక్కన మరుగుదొడ్డి లేకుంటే, సాయంత్రం ఏడు తర్వాత ఆ ఉచిత ప్రయాణం ఎవరికి పనికొస్తుంది? స్టూడియోలో, అంటే గీస్తూ నేర్చుకునే తరగతిలో, ఒక విద్యార్థిని బస్టాపును ప్రాజెక్టుగా తీసుకుంటే కొందరు ఇంత చిన్నదా అంటారు. నా మటుకు నాకు ఫ్లైఓవర్ కన్నా అదే పెద్ద ప్రాజెక్టు.

మొదటి సెమిస్టర్ నడకే

ఈ చదువు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. సెమిస్టర్‌కు ఒక స్టూడియో దాని గుండెకాయ. చరిత్ర, సిద్ధాంతం, రవాణా, భూచట్టాలు, భూమి విలువలు, జీఐఎస్ అన్నీ ఆ స్టూడియో చుట్టూ తిరుగుతాయి. చివరి సెమిస్టర్ థీసిస్. బీఆర్క్‌లో అయిదేళ్లు ప్లాటు లోపల ఉండడానికి అలవాటుపడిన పిల్లలను గోడ బయటికి తేవడం మొదటి సెమిస్టర్ పని. ఇది తేలిక కాదు. నాలుగు రోజుల్లో ఒక మ్యూజియం గీసేయగల చెయ్యి, ఒక సందును అర్థం చేసుకోడానికి నెల రోజులు తిరగాల్సి వచ్చేసరికి తడబడుతుంది.

ముందు నలుపు-తెలుపు పటం. కట్టిన చోటంతా నలుపు, ఖాళీ అంతా తెలుపు. బెజవాడ వన్‌టౌన్‌నూ, బెంజి సర్కిల్ దాటాక వచ్చిన కొత్త కాలనీలనూ ఇలా పక్కపక్కన పెడితే చెప్పనక్కర లేకుండానే తేడా తెలుస్తుంది. వన్‌టౌన్‌లో తెలుపు సన్నగా, గీతలు గీతలుగా, ఎక్కడా తెగకుండా పారుతుంది. కొత్త కాలనీలో ప్రతి నల్ల చుక్క చుట్టూ తెలుపు చీలికలు. ఎవరికీ పనికిరాని మూడడుగుల సందులు. తర్వాతి మెట్టు ఇంకా ఆసక్తికరం. 1748లో జాంబాటిస్టా నోల్లీ రోమ్ నగరానికి వేసిన పటంలో వీధులతోపాటు చర్చీల లోపలి భాగాలనూ తెలుపుగా చూపాడు. జనం వెళ్లగలిగినదంతా ఖాళీయే అన్నది ఆయన లెక్క. అదే లెక్కన పాతబస్తీని గీయమంటే మసీదు ఆవరణలు, గుడి మండపాలు, ఇరానీ హోటళ్లు, దర్గా మెట్లు, పెళ్లిళ్లు లేని రోజు ఫంక్షన్ హాలు ముంగిలి అన్నీ తెల్లబడతాయి. పటం ఒక్కసారిగా వేరే ఊరైపోతుంది. హైదరాబాద్ విద్యార్థులకు ఇంకో అదృష్టం కూడా ఉంది. 1910ల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మున్సిపల్ సర్వే పటాల్లో నగరం ఇల్లిల్లూ నమోదై ఉంది. వాటిని ఇప్పటి పటం మీద పరిస్తే ఏ బావి మీద ఏ కాంప్లెక్సు లేచిందో చెప్పొచ్చు.

కెవిన్ లించ్ 1960లో వచ్చిన తన పుస్తకంలో, బాస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ జనాన్ని అడిగి, మనుషులు నగరాన్ని మనసులో అయిదు రకాలుగా గుర్తుపెట్టుకుంటారని తేల్చాడు. దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. ఈ అయిదూ బట్టీపడితే పరీక్ష పాసవుతారు. విజయవాడలో పెట్టి చూస్తేనే ప్రాణం వస్తుంది. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు దారులు. కృష్ణ ఒక అంచు, రైలు పట్టాలు మరో అంచు. గవర్నరుపేట, సత్యనారాయణపురం, పటమట పేటలు. ఇంద్రకీలాద్రీ ప్రకాశం బ్యారేజీ ఆనవాళ్లు. మరి కాలువలు? ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి నడిబొడ్డు నుంచి పోతున్నాయి. అవి దారులా అంచులా? ఒకప్పుడు పడవలు నడిచినప్పుడు దారులు. ఇప్పుడు వెనకవైపు గోడలు కట్టి వీపు చూపించాక అంచులు. వాటిని మళ్లీ దారులుగా మార్చగలమా అన్న ప్రశ్నకు ఒక సెమిస్టరంతా సరిపోదు.

కొలతల తర్వాత మనుషులు. బీసెంట్ రోడ్డులో తోపుడుబండి దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడితే సర్వే తొందరగా సాగదు.

“అమ్మా, ఎన్నేళ్ల నుంచి ఇక్కడ పెడుతున్నారండీ?”

“ముందు నువ్వు చెప్పు బాబూ, మున్సిపాలిటీ తరఫునేనా?”

ఈ మాట వినని బ్యాచ్ ఉండదేమో. కాదని నమ్మించాక గానీ ఆమె నీడ ఎన్ని గంటలకు ఏ వైపు జరుగుతుందో, నీళ్ల బిందె ఏ దుకాణం వాళ్లు పట్టుకోనిస్తారో, రాత్రి బండి ఎక్కడ కట్టేస్తుందో బయటికి రావు. ఆ వివరాలన్నీ సెక్షన్ డ్రాయింగులోకి ఎక్కాలి. వీధిని నిలువునా కోసినట్టు గీసే ఆ బొమ్మే అర్బన్ డిజైనర్ ప్రధాన భాష. అందులో చెట్టు వేరు ఎంత లోతుకు పోతుందో ఉంటుంది, డ్రైనేజీ పైపు ఉంటుంది, మొదటి అంతస్తు బాల్కనీ నుంచి కిందికి చూస్తున్న ముసలావిడ కూడా ఉంటుంది. పొద్దున ఆరుకూ మధ్యాహ్నం రెండుకూ రాత్రి తొమ్మిదికీ అదే సెక్షన్‌ను మూడుసార్లు గీయిస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఒకే చోటు మూడు ఊళ్లని.

అరుగు పోయాక

నాకు ఈ చదువులో అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి దగ్గరికి వస్తున్నాను.

రాజమహేంద్రవరం పాత వీధుల్లోనో, కోనసీమ ఊళ్లలోనో ఇంటి ముందు అరుగు చూసే ఉంటారు. అది ఇంటివాళ్లదే. కానీ మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చిన పోస్టుమాన్ అడగకుండా దాని మీద కూర్చునేవాడు. పెద్దవాళ్లు పేపరు చదివేది అక్కడే, పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేది అక్కడే. వీధిలో ఏం జరిగినా నలుగురి కళ్లు పడేవి. జేన్ జేకబ్స్ న్యూయార్క్ వీధుల్లో వెతికిన భద్రత మన ఊళ్లలో రెండడుగుల మట్టిగట్టు మీద ఉండేది. దీన్ని పొగిడి ఊరుకోవడమూ అన్యాయమే. ఆ అరుగు అందరిదీ కాదు. ఎవరు ఏ వీధిలోకి రావచ్చో కులం తేల్చిన ఊళ్లివి. దళితవాడలు ఊరి అంచున, కాలువ కిందివైపున ఎందుకున్నాయో పాత ఊరి పటం గీసే విద్యార్థి తప్పకుండా గీయాలి. ఆ దూరం కూడా డిజైనే. ఎవరో గీసినదే.

మరి ఇప్పటి వీధి ఎలా తయారైంది? ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాలు ప్లాటు చుట్టూ సెట్‌బ్యాకులు చెప్పాయి, పార్కింగు చెప్పాయి. చెడ్డ ఉద్దేశంతో కాదు. గాలీ వెలుతురూ రావాలి, ఫైరింజను తిరగాలి, కార్లు రోడ్డెక్కకూడదు. నిజాంపేట నుంచి గొల్లపూడి దాకా మనం చూస్తున్న అపార్ట్‌మెంటు రూపం అలాంటి నియమాల్లోంచే వచ్చింది. కింద స్తంభాల మధ్య కార్లు. దాని ముందు అయిదడుగుల ప్రహరీ. ప్రహరీకి ఇనుప గేటు, గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ. మనిషి కిటికీ మొదలయ్యేది నేల నుంచి పదడుగుల పైన. అలాంటివి వీధికి రెండు వైపులా ఇరవై వస్తే, రాత్రి ఎనిమిది దాటాక ట్యూషన్ నుంచి నడిచి వచ్చే ఆడపిల్లకు తోడు కార్లూ గోడలే. ఎవరూ ఈ వీధిని ఇలా ఉండాలని కోరుకోలేదు. ఎవరి ప్లాటులో వాళ్లు నియమం పాటించారు, అంతే.

ఇక్కడే అర్బన్ డిజైన్ స్టూడియో విలువ తెలుస్తుంది. ఒక కాలనీని తీసుకుని, అదే నియమాన్ని కొద్దిగా తిరగరాస్తే ఏమవుతుందో గీసి చూస్తారు. పార్కింగును వెనక్కి జరిపి, ముందువైపు కింది అంతస్తులో ఒక గదికి అనుమతిస్తే? ఇస్త్రీ దుకాణమో క్లినిక్కో ట్యూషన్ గదో వస్తుంది. ప్రహరీ మూడడుగులకు మించకూడదంటే? దాని పైభాగం పిట్టగోడ కాకుండా కూర్చునే గట్టు కావాలంటే? పార్కింగులో ఎన్ని కార్లు తగ్గుతాయి, బిల్డరుకు చదరపు అడుగు మీద ఎంత తేడా వస్తుంది, ఫైర్ శాఖ ఒప్పుకుంటుందా, ఇవన్నీ లెక్క తేల్చాలి. ఒక అందమైన భవనం గీస్తే ఒక వీధికి మేలు. ఒక నియమాన్ని సరిగ్గా రాస్తే దాని కింద రాబోయే వేల ఇళ్ల ముంగిళ్లు మారతాయి. పీజీ విద్యార్థులు గీసే బొమ్మలకన్నా వాళ్లు రాయడం నేర్చుకునే ఈ డిజైన్ మార్గదర్శకాలే సమాజానికి ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. దురదృష్టం ఏమిటంటే మార్కులు వేసే జ్యూరీలో మెచ్చుకోళ్లన్నీ త్రీడీ బొమ్మలకే దక్కుతాయి.

నీటి మాట ముందు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. మేడలెక్కి, పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం చేతులు చాపిన జనాన్ని టీవీల్లో చూశాం. బుడమేరు దారి కొత్తది కాదు. దాని పక్కన, దాని లోపల కట్టిన ఊరే కొత్తది. స్టూడియోలో ఇప్పుడు చాలామంది అధ్యాపకులు ఒక క్రమం పట్టిస్తున్నారు. మొదటి పటం నేల వాలుది, రెండోది నీటిది. ఆ తర్వాతే రోడ్లూ ప్లాట్లూ. హైదరాబాద్‌కు ఈ పాఠం 1908లోనే అందింది. విశ్వేశ్వరయ్య వచ్చి చూసి సూచించిన మీదట మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. వరదను పైనే ఆపి, కింద నగరాన్ని సర్దారు. తర్వాతి తరాలు చెరువు శిఖం భూములను లేఅవుట్లు చేసుకున్నాయి.

అమరావతి థీసిస్‌కు దొరికే పెద్ద అంశం. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధానికి 217 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, ప్రభుత్వ సముదాయానికి లండన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థ డిజైను. అందరి చూపూ ఆ సముదాయం మీదే. విద్యార్థులు అడగాల్సింది ఇంకోటి ఉంది. తుళ్లూరు, మందడం, వెలగపూడి వంటి ఊళ్లు ఆ కొత్త గ్రిడ్ లోపలే ఉన్నాయి. పొలాలను సమీకరణకు ఇచ్చిన ఆ ఊళ్ల వంకర వీధులూ, రావిచెట్టు కింది రచ్చబండా, విశాలమైన కొత్త రోడ్డును ఏ మలుపులో కలుస్తాయి? ఊరి చివర ఇల్లు రేపు నగరం మధ్యలో పడితే దాని ముందు ఏముంటుంది? గీత గీసేవాళ్లు ఆ ఊరి అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుంటే తప్ప జవాబు రాదు.

గీసిన చెయ్యి ఎవరిని లేపుతోంది

ఈ రంగానికి మచ్చ కూడా ఉంది. దాన్ని దాచి పిల్లలను పంపడం తప్పు.

అహ్మదాబాద్ సబర్మతి తీరాన్ని బిమల్ పటేల్ సంస్థ రూపకల్పనలో ఒక్కో ఒడ్డునా దాదాపు 11 కిలోమీటర్ల మేర తీర్చిదిద్దారు. ప్రభుత్వాలు దాన్ని దేశమంతా నమూనాగా చూపిస్తున్నాయి. నది ఒడ్డున ఏళ్ల తరబడి బతికిన వేల కుటుంబాలు దూరపు కాలనీలకు తరలిపోవడం ఆ కథలో రెండో సగం. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డు ఇళ్లను ఖాళీ చేయించడానికి గోడల మీద అధికారులు ఎర్ర అక్షరాలు రాసినప్పుడు, ఆ ఇళ్లవాళ్ల ముఖాల్లో అదే భయం కనిపించింది. నదికి దారి కావాలి, అందులో సందేహం లేదు. దారి గీసినవాళ్లే ఆ మనుషులు ఎక్కడికి వెళ్తారో, అక్కడి నుంచి పనికి ఎన్ని బస్సులు మారాలో అదే షీటు మీద గీయాలి. గీయకపోతే అది సగం డ్రాయింగే.

పాత ఢిల్లీ చాందినీచౌక్ ఇంకో పాఠం. ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా 1.3 కిలోమీటర్లను ప్రదీప్ సచ్‌దేవా రూపకల్పనలో పాదచారుల వీధిగా మార్చారు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలు లేవు. 2021 సెప్టెంబరులో ప్రారంభమైంది, ఆయన అప్పటికే లేరు. ఢిల్లీలో మురుగు కాలువను కప్పి దాని మీద దిల్లీ హాట్ సంతను 1994లో రూపుదిద్దిందీ ఆయనే. పనికిరాదని వదిలేసిన చోటును చేనేతవాళ్లకు అంగడిగా మార్చిన ఆ చూపు నేర్చుకోదగ్గది. కానీ చాందినీచౌక్ చెబుతున్నది రాళ్లు పరిచాక కూడా పని ఉంటుందని. కాపలా లేకపోతే బైకులు తిరిగొస్తాయి, శుభ్రం లేకపోతే రాయి నల్లబడుతుంది. చెన్నై నగరపాలక సంస్థ 2014లోనే నడకకూ సైకిలుకూ ప్రాధాన్యమిచ్చే విధానం చేసుకుని, 2019లో టీనగర్‌లోని పాండీబజారును నడిచేవాళ్లకు అప్పజెప్పింది. చీరల కోసం టీనగర్ వెళ్లే మన ఆడపడుచులు తిరిగొచ్చి ఇక్కడ ఎందుకు లేదని అడగడం నేను విన్నాను. అడగాల్సిన ప్రశ్నే.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం నలభై శాతం మంది వ్యాపారులే ఉండాలని చెప్పింది. కాలిబాటలను “అందంగా” చేసే ప్రాజెక్టు ప్రతిదానికీ ఈ చట్టం ఆధారం కావాలి. బండ్లు తీసేసి పూలకుండీలు పెట్టడం అర్బన్ డిజైన్ అనిపించుకోదు.

కుర్చీ ఎక్కడ?

చదివాక ఉద్యోగం సంగతి సూటిగా చెప్పాలి. ప్రైవేటు కన్సల్టెన్సీల్లో, మెట్రో చుట్టుపక్కల ప్రాంతాల ప్రణాళికల్లో, పెద్ద టౌన్‌షిప్పుల్లో, వారసత్వ కట్టడాల ప్రాజెక్టుల్లో, వీధుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో అవకాశాలున్నాయి. అధ్యాపక వృత్తి ఉంది. 2015లో మొదలై 2025 మార్చితో ముగిసిన స్మార్ట్ సిటీస్ మిషన్ కాలంలో వరంగల్, కరీంనగర్, విశాఖ, కాకినాడ, తిరుపతి వంటి చోట్ల ఈ చదువుకు పని దొరికింది, కన్సల్టెంట్ల ద్వారానే ఎక్కువ. మిషన్ అయిపోగానే వాళ్లతోపాటు అనుభవమూ ఊరు విడిచి వెళ్లింది.

అసలు లోటు ప్రభుత్వంలో ఉంది. నీతి ఆయోగ్ 2021లో పట్టణ ప్రణాళికా సామర్థ్యం మీద ఇచ్చిన నివేదిక ప్రకారం, రాష్ట్రాల పట్టణ ప్రణాళికా శాఖల్లో టౌన్ ప్లానర్లకు మంజూరైన పోస్టులు దేశమంతా కలిపి 4,000 లోపే. వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. ప్లానర్లకే ఈ గతి అయితే అర్బన్ డిజైనర్‌కు వేరే కుర్చీ ఎక్కడుంటుంది? మన మున్సిపాలిటీల టౌన్‌ప్లానింగ్ విభాగాలు భవన అనుమతులు, లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫైళ్ల కిందే నలిగిపోతున్నాయి. ప్రతి కార్పొరేషన్‌లో ఒక్క చిన్న వీధి రూపకల్పన విభాగం, ఇద్దరు అర్బన్ డిజైనర్లు, ఒక ల్యాండ్‌స్కేప్ మనిషి, ఒక రవాణా ఇంజనీరు ఉంటే, తారు టెండరు పిలిచే ముందు ఆ రోడ్డు సెక్షన్ వాళ్ల బల్ల మీద నుంచి వెళ్లాలన్న నియమం ఉంటే చాలు. కోట్ల ఖర్చుతో వేసి మళ్లీ తవ్వే రోడ్ల పక్కన ఇది పెద్ద ఖర్చు కాదు. 2011 జనగణన నాటికే తెలంగాణలో దాదాపు 39 శాతం, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం జనం పట్టణాల్లో ఉన్నారు. ఈ పోస్టులు అడగడం విద్యార్థుల పని మాత్రమే కాదు, ఓటర్ల పని.

చేరాలంటే

చాలా సంస్థల్లో ఎంఆర్క్ అర్బన్ డిజైన్‌కు అయిదేళ్ల బీఆర్క్ తప్పనిసరి. సివిల్ ఇంజనీరింగ్, భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు నగరాల మీద ఆసక్తి ఉంటే ఎంప్లాన్ దారి ఉంది. ఢిల్లీ, భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లలో, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయంలో, ముంబైలోని కమలా రహేజా విద్యానిధి సంస్థలో అర్బన్ డిజైన్ పీజీ ఉంది. సెప్ట్‌కు మూలమైన ఆర్కిటెక్చర్ పాఠశాల 1962లో బాలకృష్ణ దోషి నాటినది. మన దగ్గర విజయవాడ ఎస్పీఏ, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ) రెండూ 2008లో వచ్చాయి. ఆర్కిటెక్చర్, ప్లానింగ్ రంగాల్లో పీజీ స్పెషలైజేషన్లు నడుపుతున్నాయి. ఏ ఏడాది ఏ శాఖలో సీట్లున్నాయో నోటిఫికేషన్‌లో చూసుకోండి. కేంద్ర సంస్థలకు గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు రాయాలి. పరీక్ష ఫిబ్రవరిలో. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలవారీ ఉపకారవేతనం దొరికే అవకాశం ఉంది. సెప్ట్ లాంటివి సొంత పద్ధతిలో, పోర్ట్‌ఫోలియో చూసి తీసుకుంటాయి.

విదేశాల్లో హార్వర్డ్, బర్క్‌లీ, లండన్ బార్ట్‌లెట్, డెల్ఫ్ట్ పేరున్నవి. ఖర్చు ఎక్కువ. వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి, ఒక్క మనవితో: థీసిస్ అంశంగా మీ ఊరిని పట్టుకెళ్లండి. డెల్ఫ్ట్‌లో నీటితో నగరం ఎలా కట్టాలో నేర్చుకున్నవాళ్లు బుడమేరు పటాన్ని అక్కడి ప్రొఫెసర్ల ముందు పరిస్తే, ఆ చర్చలోంచి వచ్చేది మనకు అక్కరకొస్తుంది.

పోర్ట్‌ఫోలియోలో కాలేజీలో గీసిన రిసార్టులూ మాల్సూ రెండు పేజీలకు మించనివ్వకండి. ఒక వీధిని పెట్టండి. మీ ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న రోడ్డు సరిపోతుంది. కొలతలు గూగుల్ పటం నుంచి కాకుండా టేపుతో మీరే తీయండి. డ్రైనేజీ మూత ఎత్తు, చెట్టు మొదలు చుట్టుకొలత, చాయ్ బండి పొడవు, ఆటోలు ఆగే వరస. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు సెక్షన్లు గీయండి. పక్కన, ఆ వీధిలో మీరు మాట్లాడిన మనుషులు చెప్పినవి చేత్తో రాసి పెట్టండి. ఏదీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు. మీ ప్రతిపాదన ఉంటే చివర్న ఒక్క షీటు. ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు ఆ వీధి మీదే వస్తాయి.